పలకమీది నీళ్ల పద్దు

మనలో అనేకుల అక్షరాభ్యాసము పలకమీదనే జరిగియుండును. నల్లని ఱాతిపలక, చుట్టును కొయ్యచట్రము, చేతిలో బలపము, తప్పు పోయినయెడల తడిగుడ్డతో తుడిచి మఱల దిద్దుకొనుట, ఈ ముచ్చట మఱచినవారుండరు. ఆ పలకలకు పుట్టినిల్లు మార్కాపురము. చిన్ననాట మన యొడిలో నుండిన వస్తువు ఏ నేల కడుపునుండి వచ్చినదో కన్నులార చూడవలెనని మాకు చిరకాలముగా కోరిక. మొన్న మాఘమాసమున మా వదినగారిని, పదునాలుగేండ్ల వారి కుమార్తెను వెంటబెట్టుకొని గుంటూరులో రైలెక్కి ఆ కోరిక తీర్చుకొంటిమి. పలకలు చూడబోయిన మేము నీళ్లలెక్క నేర్చుకొని తిరిగివచ్చితిమి. ఆ లెక్క ప్రతి గృహిణికిని అక్కఱకు వచ్చునది గావున ఇచ్చట విన్నవించుచున్నాము.

దొనకొండ దాటినది మొదలు పైరుపచ్చలు పలుచనై, ఱాతినేలలును, తుమ్మచెట్లును, మేకల మందలును కానవచ్చినవి. పడమటి దిక్కున నల్లమల కొండలు నీలిగీతవలె సాగియున్నవి. మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలు పూర్వము కర్నూలు జిల్లాలోనివి. 1970లో క్రొత్తగా ఏర్పడిన జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. అందుచేతనే ఈ భాగమును పడమటి ప్రకాశమని వాడుకగా పిలుతురు. తూర్పున నున్న సముద్రతీరపు ఊళ్లకును ఈ ఊళ్లకును పోలికయే లేదు. ఇచ్చటి పల్లెలలో రైతునకు వాన, చెఱువు, బావి, ఈ మూడే దిక్కు.

మార్కాపురములో దిగి చెన్నకేశవస్వామిని సేవించుకొని, ఊరి వెలుపలి పలకల గనులకు పోయితిమి. నేలను లోతుగా త్రవ్వి తీసిన ఱాతిబండను ముందుంచుకొని, పనివాడు దాని పొరల నడుమ ఉలి మోపి మెల్లగా తట్టగా, గ్రంథపు పుటలవలె పొరలు విడివడుచున్నవి. చూచుటకు ఎంతయో ముచ్చటగా నుండును. కాని ప్రతి పొరయు పలక కాజాలదు. కొన్ని విఱుగును, కొన్ని చీలును, కొన్ని పొడియగును. గుప్పెడు పలకలకు గంపెడు ముక్కలు. ఏండ్ల తరబడి పోసిన ఆ ముక్కల కుప్పలు చిన్న గుట్టలవలె పెరిగియున్నవి. బడిపిల్లలు కాగితపు పుస్తకములకు మరలిన పిమ్మట పలకల గిరాకి తగ్గినది. ఇప్పుడు గోడలకు, నేలకు అలంకారముగా పరచు ఱాతిబిళ్లలుగా ఈ ఱాయి దూరదేశములకు పోవుచున్నది. వస్తువు మాఱినను కుప్ప మాత్రము తఱుగలేదు. ఱాతిదుమ్ము రొమ్మునకు చెఱుపు చేయునని అందరు నెఱుగుదురు. నీరు చల్లుచు కోసిన దుమ్ము అణగును. ముక్కునకును నోటికిని తగిన ముసుగు కట్టుకొనుట తప్పనిసరి. మేము చూచినప్పుడు కొందరు పనివారికి ముసుగులుండెను, కొందరికి లేకుండెను.

“అత్తా, మన యింట్లో పలక ఉన్నప్పుడు ఈ కుప్ప ఎవరింట్లో ఉన్నట్టు?” అని మా చిన్నది అడిగినది. మాకు వెంటనే సమాధానము తోచలేదు. మనము వాడు ప్రతి వస్తువునకును వెనుక ఒక కుప్ప యుండును. అది మన గుమ్మములో లేదు గనుక మనకు కనబడదు. ఆ ప్రశ్నను మనసున నుంచుకొని, ఒక పలక కొని కంభమునకు బయలుదేరితిమి.

కంభము చెఱువు కట్టపై నిలిచిన క్షణమున మాకు మాట రాలేదు. రెండు కొండల నడుమ నున్న కనుమను కట్టతో మూసి, నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మను, జంపలేరును అచ్చట నిలువరించిరి. 1908 నాటి దొరతనమువారి గెజెటీరులో ఈ కట్ట ఎత్తు 57 అడుగులనియు, నీటి పరపు ఇంచుమించు 15 చదరపు మైళ్లనియు, దీనిక్రింద 10,300 ఎకరములు సాగగుననియు వ్రాసియున్నది. విజయనగర ప్రభువుల కాలమున గజపతుల ఆడపడుచును, శ్రీకృష్ణదేవరాయల దేవేరియు నగు వరదరాజమ్మగారు దీనిని కట్టించిరని ఇచ్చటి జనులు చెప్పుకొందురు. పుట్టినింటినుండి తెచ్చిన సొమ్మును నగలకు గాక నీటికి వెచ్చించిన ఇల్లాలు! అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు 2020లో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించిరి. కఱవేండ్లలో ఇది అడుగంటుటయు కలదు. అట్లయ్యు ఇన్ని వందల యేండ్లుగా ఇది నిలిచియుండుటకు కట్ట బలమొక్కటియే కారణము కాదు. చెఱువునీరు అందరి కన్నులయెదుట నుండును. తగ్గిన అందరికిని తెలియును. ఒకడు తూము ఎక్కువసేపు తెఱచిన పదిమంది అడుగుదురు. చెఱువుల క్రింద నీరుగంటి యనువాడు వంతుల ప్రకారము మడిమడికి నీరు పంచుట ఈ సీమలలో తాతలనాటి ఆచారము. కనబడు నీటికి కావలి కలదు.

కంభమునకు దక్షిణముగా కడపజిల్లాలో పోరుమామిళ్ల యను ఊరున్నది. అచ్చటి చెఱువును బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు శాలివాహన శకము 1291లో, అనగా క్రీ.శ. 1369లో, త్రవ్వించి శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు ఆ శాసనము తెలుపుచున్నది. అంతకంటె విశేషమేమనగా, మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములును, తొలగింపవలసిన ఆఱు దోషములును అందు చెక్కబడియున్నవి. జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి మన్నుగల నేల, తియ్యని నీటి నది, కట్టకు తగిన ఱాయి, పనియందు ఆఱితేఱిన జనము మొదలగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట మొదలగునవి దోషములు. వానిలో ఐదవ దోషము: నీరు కొంచెము, నేల విస్తారము. ఈ దోషమును మా వదినగారు రెండుమూడు మాఱులు తమలో తాము చెప్పుకొనిరి. దాని భావము మాకు గిద్దలూరు చేరిన పిమ్మటగాని పూర్తిగా తెలియలేదు.

గిద్దలూరునకు కొలది దూరములో ఒక పల్లె కలదు. అందు మా వదినగారి పుట్టినింటివైపు చుట్టములున్నారు. తమ పేరులు వ్రాయవద్దని వారు కోరిరి గనుక వ్రాయుట లేదు. దారి పొడుగునను మిరపతోటలు, పొగాకు, కంది, అక్కడక్కడ బోరునీటితో వేసిన వరిమడులు చూచితిమి. ఊరు చేరగానే బడిప్రక్క గోడమీద సున్నము వేసి గీసిన పెద్ద పట్టిక యొకటి మా కంటబడినది. వాన, బావి మట్టము, బోరు పాఱుదల, వేయదలచిన పైర్లు అని పైన వ్రాసియున్నది. క్రింది అంకెలు చాలవఱకు రాలిపోయినవి. ఇది ఏమని అడుగగా, మేము దిగిన యింటి అవ్వగారే దానికథ చెప్పిరి. ఆమెకు డెబ్బదియేండ్లుండును. ఒకప్పుడు ఆ పట్టికమీద అంకెలు నింపినవారిలో ఆమెయు ఒకతె.

ఆ కథ యిది. బోర్లు రాకముందు ఆ పల్లెలో దిగుడుబావులుండెడివి. కపిలలతో తోడినంత నీరే తోడెడివారు. పిమ్మట కరెంటు వచ్చినది, బోర్లు వచ్చినవి. నేల పైన చెఱువునకు కావలి యున్నది గాని నేల క్రింది నీటికి లేకపోయెను. ఎవరి పొలములో బోరు వారిదే; కాని అన్ని బోర్లకును క్రింద నున్న నీరు ఒక్కటే. ఒకరు లోతు చేసిన ప్రక్కవాని బోరు ఎండును. అతడును లోతు చేయును. అవ్వగారి పెనిమిటి నాలుగు బోర్లు వేయించెను. మూడింట నీరు పడలేదు. రెండు బఱ్ఱెలు, అవ్వగారి మెడలోని గొలుసు ఆ మూడు గుంతలలోనే పోయినవి. బోర్లను అదుపులో నుంచుటకు 2002లో నీరు, భూమి, వృక్షముల సంరక్షణ చట్టము వచ్చినది గాని, కంటికి కనబడని దానిని కాగితము కాపాడుట కష్టము.

ఆ కాలముననే, 2003 ప్రాంతమున, భూగర్భజలమును రైతులే కనిపెట్టుకొను పథకమొకటి ఈ రాష్ట్రమున బయలుదేరినది. నెదర్లాండ్సు దొరతనమువారు ధనమిచ్చిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు నడపిరి. నంద్యాలలోని ఒక సేవాసంఘము ముందుండి పనిచేసినది. ప్రకాశము, కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు, మహబూబునగరు, నల్లగొండ, ఈ ఏడు కఱవు జిల్లాలలో సుమారు 650 పల్లెలు దానిలో చేరినవి. ఈ పథకమున ఎవరికిని బోరు ఇయ్యలేదు, రొక్కమియ్యలేదు, ఫలానా పైరు వేయవలెనని ఆజ్ఞయు లేదు. కొలుచుట మాత్రము నేర్పిరి. పల్లెలోని స్త్రీలును పురుషులును వానకొలత పాత్రలో పడిన వాన ఎంతయో వ్రాసికొనిరి. పదునైదు దినముల కొకమాఱు గుర్తించిన బావులలో తీగ జాఱవిడిచి, అది నీటిని తాకగానే మ్రోగు పరికరముతో నీటిలోతు చూచిరి. పీపా నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టునో గడియారముతో చూచి బోరు పాఱుదల తెలిసికొనిరి. రబీ పైరుకు ముందు ఊరంతయు ఒక్కచోట చేరి, నేలలో ఎంత నీరున్నది, ఎవరెవరు ఏమి వేయదలచిరి, దానికి ఎంత నీరు కావలెను అని కూడి తీసివేసిరి. ఆ లెక్కనే గోడమీద వ్రాసిరి.

“ఎసట్లో ఎన్ని బియ్యం పోయాలో కుండలో ఉండే గింజల్ని బట్టి చూసుకుంటాం గదమ్మా! నేల కడుపులో ఎన్ని నీళ్లుండాయో చూసుకోకుండా నాట్లేస్తే ఎట్లా?” అని అవ్వగారు నవ్వుచు చెప్పిరి. పెద్ద పట్టములు పొందినవారు సభలలో చెప్పు మాటను ఆమె రెండు వాక్యములలో తేల్చినది.

ఆ రాత్రి అరుగుమీద కూర్చుండి మా చిన్నదానిచేత మార్కాపురపు పలకమీద లెక్క వేయించితిమి. మీరును వేసి చూడుడు. ఒక చదరపు మీటరు నేలమీద 1 మిల్లీమీటరు వాన కురిసిన 1 లీటరు నీరు. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు గనుక 1 మిల్లీమీటరు వానకు 4,047 లీటర్లు. రబీవరికి నాటినది మొదలు కోతవఱకు ఇంచుమించు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లకు పైమాట. తలకు దినమునకు 55 లీటర్ల చొప్పున ఐదుగురున్న కుటుంబము ఏడాదికి వాడునది లక్ష లీటర్లు. ఒక్క ఎకరము వరిమడి 48 కుటుంబముల ఏడాది నీరు త్రాగును!

ఇక రాబడివైపు చూడుడు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. ఇట్టి ఱాతినేలలో దానిలో పదింట ఒక వంతు, అనగా 70 మిల్లీమీటర్లు, లోనికి ఇంకును. ఎకరమునకు రెండు లక్షల 83 వేల లీటర్లు. బోరునీటితోనే పండించు ఎకరము వరికి ఇంచుమించు 17 ఎకరముల నేలలో ఇంకిన నీరు కావలెను. మడిలో పెట్టిన నీరు కొంత మఱల నేలలోనికి దిగునన్నది నిజమే. ఆ తగ్గింపు వేసినను వ్యయము రాబడిని మించుచునే యుండును. పోరుమామిళ్ల శాసనములోని ఐదవ దోషము ఇదియే కదా! నీరు కొంచెము, నేల విస్తారము. ఆనాడు ఆ దోషము చెఱువును కట్టువాని పొరపాటు. ఈనాడు బోరు వేయువారందరును కలిసి చేయునది.

లెక్క గోడకెక్కిన పిమ్మట పల్లెలో మార్పు వచ్చినది. అవ్వగారు వరి మాని సగము చేనిలో శనగ, సగములో కంది వేసిరి. “నా బోరు, నా యిష్టం” అన్నవారును లేకపోలేదు. ఒక పొరుగువాడు లెక్క విని, తల ఊపి, వరియే వేసెను. అయినను ప్రపంచబ్యాంకువారు 2010లో ప్రకటించిన గ్రంథములో, ఈ పథకము నడచిన నీటిప్రాంతములలో నూటికి 42 వంతులు మూడేండ్లు వరుసగా రబీ నీటివాడకమును తగ్గించెననియు, 51 వంతులు కొన్ని యేండ్లు తగ్గించెననియు, 7 వంతులలో మాత్రమే వాడకము పెరిగెననియు వ్రాసిరి. బలవంతము లేక, బహుమానము లేక, తమ లెక్క తాము చూచుకొన్నందుననే ఇంత జరిగినది.

దీనికి శాస్త్రసమ్మతియు కలదు. అమెరికాదేశపు ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి యౌవనమున లాస్ ఏంజిలిస్ ప్రాంతపు బావులవారు సముద్రపునీరు తమ నేలలోనికి రాకుండ కూడి చేసికొన్న కట్టుబాట్లను పరిశోధించినది. ఉమ్మడి సొత్తును కాపాడుటకు దొరగాని వర్తకుడుగాని ఉండనక్కఱలేదనియు, వాడుకొనువారే కూడి నియమములు పెట్టుకొని, తామే కనిపెట్టి చూచుకొనగలరనియు లోకములోని పలు పల్లెల నిదర్శనములతో చూపినది. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

ఇంత మేలు జరిగిన పద్దు ఎందుకు ఆగినదని మేము అవ్వగారిని అడిగితిమి. ఆమె పెట్టెలోనుండి ఒక నోటుపుస్తకము తీసి చూపిరి. ముత్యములవంటి అంకెలు. సగము పుటలు నిండి, తక్కినవి తెల్లగా నున్నవి. పథకము ముగిసినది, పరికరము చెడినది, బాగుచేయువారు రాలేదు, కొలుచువారిలో పడుచువారు పట్టణములకు పోయిరి. “అడిగేవాళ్లు లేకపోతే రాసేవాళ్లు ఎన్నాళ్లు రాస్తారమ్మా?” అనిరి. తక్కిన పల్లెలలోను పలుచోట్ల ఇట్లే జరిగినదని విన్నాము. పరిశోధకులు వచ్చినపుడు పుట్టిన విద్య వారు పోయినపుడు పోవుటకు కారణము, దానిని మనము వారి సొత్తుగా నెంచుటయే.

ఇప్పుడు ఆ యింట పెద్ద చర్చ నడచుచున్నది. రెండెకరముల మిరపతోట కాపుమీద నున్నది. ఉన్న ఒక్క బోరు పాఱుదల తగ్గినది. కుమారుడు ఐదవ బోరు వేయుదుననును. అప్పు తెచ్చి 700 అడుగులకు పోవలెనని అతని యూహ. కోడలు ఏమియు అనలేదు. తన కుమార్తెవంక చూచినది. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ బాలిక చక్కనిది, చుఱుకైనది. కాని నవ్వునపుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనును. పలువరుసమీద గోధుమవన్నె చారలున్నవి.

ఆ చారల కథ ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1937లోనే షార్టు, పండిట్, రాఘవాచారి యను వైద్యశాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడువలన జనుల దంతములును ఎముకలును చెడుచుండుటను గుర్తించి ప్రకటించిరి. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి సీమలు 1970లో ప్రకాశములో చేరినవి. ఫ్లోరైడు బాధయు వానితో వచ్చినది. ఱాళ్ల సందులలో చిరకాలము నిలిచిన నీరు వానిలోని ఫ్లోరైడును కరగించుకొనును. ప్రతి లోతు బోరును చెడ్డది కాదు. కాని పైనీరు హరించుకొని క్రిందిక్రిందికి పోవుకొలది ఆ భయము హెచ్చును. లీటరులో 1.5 మిల్లీగ్రాములు దాటిన హాని. రంగు, రుచి, వాసన దానిని పట్టియియ్యవు. కాచిన పోదు, నీరు ఆవిరియై మిగిలినదానిలో మఱింత చిక్కబడును. పరీక్షాశాలలో చూపించిననేగాని తెలియదు. పాలు, రాగులు, ఉసిరిక పిల్లలకు బలమిచ్చుననుట మంచిదే గాని, చెడ్డనీరు మానుటకు అవి బదులు కావు.

దీనికి మనము కనిపెట్టిన విరుగుడులకును కుప్ప యుండుట చూడుడు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును పేరబెట్టు నల్లగొండ పద్ధతిని నాగపురములోని పర్యావరణ పరిశోధనాలయమువారు చూపిరి. చవుకయైనది, కాని అడుగున దిగిన మడ్డిని బావిగట్టున పోసిన అది మఱల నేలలోనికే పోవును. ఇప్పుడు ఊరూర నున్న నీటియంత్రములు వడబోసి బిందె మంచినీరిచ్చుటకు ఒకటి రెండు బిందెల నీటిని వెలిబుచ్చును. తీసిన ఫ్లోరైడంతయు ఆ వెలినీటిలో చిక్కగా నుండును. మేము చూచిన యంత్రముకడ ఆ నీరు వీధికాలువలో పాఱి, కాలువ చివర పాతబావి ప్రక్కన గుంటగా నిలిచియున్నది. మార్కాపురములో చిన్నది అడిగిన ప్రశ్నకు ఇచ్చట సమాధానము దొరకినది. పలకముక్కల కుప్ప కనబడును గనుక దానిని తప్పుకొని పోవచ్చును. ఈ నీటికుప్ప కనబడదు. తిరిగి మన బిందెలోనికే వచ్చును.

కృష్ణనీరు వచ్చును, కష్టములు తీఱునని జనులు ఎదురుచూచుచున్నారు. శ్రీశైల జలాశయమునుండి వెలిగొండ పథకము కొఱకు నల్లమల క్రిందుగా 18 కిలోమీటర్లకు మించిన సొరంగములు తొలిచిరి. ఆ నీరు రావలెననియే మా ప్రార్థన. కాని వచ్చిన నీటికిని లెక్క కావలెను. రాబడి పెరిగిన యింట పద్దు మానుకొన్న సంసారము నిలుచునా?

మఱునాటి ఉదయమున అవ్వగారు ఆ బాలికను, మా చిన్నదానిని వెంటబెట్టుకొని ఊరి పాత దిగుడుబావికి పోయిరి. మ్రోగు పరికరము లేదు. నులకత్రాటికి ఱాయి కట్టిరి. మూరకొక ముడి వేసి జాఱవిడిచిరి. నీరు తాకినచోట ఇరువదియొకటవ ముడి. మార్కాపురపు పలకమీద తేది వేసి, “21 మూరలు” అని బాలిక వ్రాసినది. ఇంటికి వచ్చి నోటుపుస్తకములో, ఏండ్ల తరబడి తెల్లగా నున్న పుటమీద, అదే అంకె ఎక్కించినది. ఆ పలక మా యింటికి తీసికొని రాలేదు. దానికి అచ్చటనే పని యున్నది.

సోదరీమణులారా! మనమందరము మెట్టసీమలలో లేము. కాని ప్రతి యింటను చేయదగిన పనులు కొన్ని యున్నవి. మీరు త్రాగు నీటిని ఏడాదికొకమాఱు గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాశాలలో చూపింపుడు. ఇంటిలో వడబోత యంత్రమున్న దాని వెలినీటిని పాఱబోయక నేల తుడుచుటకును, మరుగుదొడ్డికిని వాడుడు. త్రాగుటకు వంటకు పనికిరాదు. పశువులకును పోయవలదు. స్నానపు నీటికి, అంట్లనీటికి దొడ్డిలో ఇంకుడుగుంత త్రవ్వింపుడు. అది త్రాగునీటి బావికి దూరముగా నుండవలెను. వంటింటి తొక్కలను, ప్లాస్టికును ఒకే బుట్టలో వేసిన అది కుప్ప. వేఱు చేసిన మొదటిది ఎరువు. నిలువుగోడల గాజుపాత్ర నొకటి ఆరుబయట చదునుగా నుంచి, వాన వెలిసిన పిమ్మట కొలబద్దతో చూచిన ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదో తెలియును. దానిని పిల్లలచేత వ్రాయింపుడు. మన చాకలిపద్దు, పాలపద్దు గోడమీద బొగ్గుతో వ్రాసికొన్నవారమే కదా. నీళ్లపద్దు వ్రాయుట మనకు బరువా?

చైత్రమాసమున ఆ బాలిక సెల్‌ఫోనులో మాకు పలక బొమ్మ పంపినది. “24 మూరలు” అని యున్నది. క్రింద ఆమె వ్రాసిన మాట: తోటలో ఒక ఎకరము వదలివేసిరట, నీరంతయు రెండవ ఎకరమునకే పెట్టిరట, అప్పు తీసికొనలేదట. వానలు చూచిన పిమ్మటగాని ఐదవ బోరు మాట ఎత్తనని తండ్రి చెప్పెనట. వానలు రాకున్న ఏమి చేయుదురో ఆమె వ్రాయలేదు, మేమును అడుగలేదు. పక్షమున కొకమాఱు పలక బొమ్మ మాత్రము తప్పక వచ్చుచున్నది. అడుగువారు లేకపోయిన వ్రాయువారు నిలువరని అవ్వగారు చెప్పిరి గనుక, అది రాగానే ఈ పక్షమున ఎన్ని మూరలని మా చిన్నది తప్పక అడుగుచున్నది.